డెస్క్‌టాప్ స్థానంలో ల్యాప్‌టాప్: ఎంపికలో పాటించవలసిన వివేకం

ప్రస్తావన

మన కళాశాలలో ఉర్దూ, తెలుగు శాఖలు రెండింటికీ కలిపి ఒకే గదిలో, కిటికీ ప్రక్కన ఒక డెస్క్‌టాప్ కంప్యూటరు ఉన్న సంగతి విద్యార్థులందరికీ తెలిసినదే. ఈ వార్షిక సంచికలో ఉర్దూ పుటలు కుడి అట్టనుండీ, తెలుగు పుటలు ఎడమ అట్టనుండీ మొదలై నడుమ ఒకచోట కలుసుకొంటాయి. ఆ రెండు వైపుల అక్షరకూర్పూ ఇంతవరకు ఆ ఒక్క యంత్రం మీదనే జరుగుతూ వచ్చింది. 2025 అక్టోబరు 14వ తేదీతో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సంస్థ ఉచితంగా అందించే సాధారణ భద్రతా సవరణలు ముగిశాయి. విండోస్ 11 కోరే అర్హతలు మన పాత యంత్రానికి లేవు. అదనపు రక్షణను మరికొంతకాలం పొందే ఏర్పాటు ఉన్నప్పటికీ, అది వాయిదాయే గాని పరిష్కారం కాదు. అందుచేత ఈ యంత్రాన్ని మార్చవలసి ఉన్నది. మార్చేటప్పుడు మళ్ళీ డెస్క్‌టాపే కొనాలా, ల్యాప్‌టాప్ కొనాలా అన్న ప్రశ్న కళాశాల కమిటీవారి ముందున్నది.

ఇదే ప్రశ్నతో ప్రతి సంవత్సరమూ కొందరు విద్యార్థులు నా వద్దకు వస్తూ ఉంటారు. “సార్, ఇంట్లో అన్నయ్య వాడిన డెస్క్‌టాప్ ఉన్నది. దాన్ని తీసివేసి ల్యాప్‌టాప్ కొనుక్కోవాలని ఉన్నది. ఏ కంపెనీది కొనమంటారు?” అని అడుగుతారు. నేను కంప్యూటరు శాస్త్రం చదివినవాణ్ణి కాను, తెలుగు చదివినవాణ్ణి. అయినా ఈ విషయంలో ఒకసారి పొరబడి, తిరిగిరాని నష్టం పొందినవాణ్ణి. ఆ అనుభవం ఇచ్చిన అర్హతతోనే ఈ వ్యాసం వ్రాస్తున్నాను.

నేను చెప్పదలచినది ఒక్కటే. ల్యాప్‌టాప్ ఎంపిక అంగడిలో మొదలు కాకూడదు. అది పాత డెస్క్‌టాప్ ముందు, చేతిలో కాగితం, కలం పట్టుకొని కూర్చున్నప్పుడు మొదలు కావాలి. పాత యంత్రం మనకు ఏయే సేవలు చేస్తున్నదో వ్రాసుకొనకుండా క్రొత్తదాన్ని ఎంచుకొనడం, ఇంటి కొలతలు తీసుకొనకుండా వాసాలు కొని తెచ్చుకొనడం వంటిది.

పుట్టుపూర్వోత్తరాలు

వెంట తీసుకొనిపోగల కంప్యూటరు అన్న ఊహ క్రొత్తది కాదు. అమెరికా శాస్త్రజ్ఞుడు ఆలన్ కే 1972లోనే, పిల్లలు పుస్తకంలా చేతబట్టుకొని చదువుకొనగల “డైనాబుక్” అనే యంత్రాన్ని తన వ్యాసంలో వర్ణించాడు. నాటికి అది ఊహ మాత్రమే. 1981లో “ఆస్‌బోర్న్ 1” అనే కంప్యూటరు వచ్చింది. దాని బరువు సుమారు 11 కిలోలు, తెర 5 అంగుళాలది. కుట్టుమిషను పెట్టెవలె పిడి పట్టుకొని మోయవలసి వచ్చేది. దీని నిర్మాత ఆడమ్ ఆస్‌బోర్న్ బాల్యంలో చాలా భాగం మన పొరుగున తిరువణ్ణామలైలో గడిపినవాడు. చివరి రోజులలో కొడైకెనాల్‌కు వచ్చి 2003లో అక్కడనే కన్నుమూశాడు.

పుస్తకంలా మడుచుకొనే రూపం 1982లో “గ్రిడ్ కంపాస్”తో వచ్చింది. 1991లో ఆపిల్ సంస్థ తన పవర్‌బుక్‌లో కీబోర్డును తెరవైపు జరిపి, ముందు అరచేతులు ఆనించుకొనే చోటు ఏర్పరచింది. నేటి ల్యాప్‌టాప్‌లన్నింటా మనం చూసే అమరిక అదే. అదే సంవత్సరం సోనీ సంస్థ లిథియం అయాన్ బ్యాటరీని మార్కెట్టులోకి తెచ్చింది. తక్కువ బరువులో ఎక్కువ విద్యుత్తును నిలువచేసే ఈ బ్యాటరీ లేనిదే నేటి ల్యాప్‌టాప్ లేదు. దాని అభివృద్ధికి పునాది వేసిన గుడెనఫ్, విట్టింగ్‌హామ్, యోషినోలకు 2019లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. 2008 మూడవ త్రైమాసికంలో ప్రపంచవ్యాప్తంగా ల్యాప్‌టాప్‌ల సరఫరా మొదటిసారిగా డెస్క్‌టాప్‌లను మించింది.

రెంటికీ గల స్వభావభేదం

డెస్క్‌టాప్, ల్యాప్‌టాప్‌లు చేసే పని ఒకటే అయినా స్వభావాలు వేరు. డెస్క్‌టాప్ ఉమ్మడి కుటుంబం వంటిది. తెర, కీబోర్డు, మౌసు, పెట్టె దేనికది విడిగా ఉంటూ కలిసి పనిచేస్తాయి. ఒకటి చెడితే దానినొక్కదానినే మార్చుకొంటాము. ల్యాప్‌టాప్‌లో ఇవన్నీ ఒకే దేహంలో ఇమిడి ఉంటాయి. కీబోర్డుపై ఒక గ్లాసు చాయ్ ఒలికితే డెస్క్‌టాప్‌లో కీబోర్డు మాత్రమే పోతుంది. ల్యాప్‌టాప్‌లో ఆ చాయ్ నేరుగా యంత్రపు గుండెకాయలోకి దిగుతుంది.

రెండవ భేదం వేడి. ప్రాసెసరు ఎంత పనిచేస్తే అంత వేడి పుట్టిస్తుంది. డెస్క్‌టాప్ పెట్టెలో గాలి ఆడేందుకు చోటు విస్తారం కనుక, దానిలోని సాధారణ ప్రాసెసరు 65 వాట్ల మేరకు నిర్మితమై ఉంటుంది. పలుచని ల్యాప్‌టాప్‌లో ఆ చోటు లేదు. అందుచేత అందులోని ప్రాసెసరును సాధారణంగా 15 నుండి 28 వాట్లకు పరిమితం చేస్తారు. రెండింటి మీదా “ఐ5” అనే పేరే ఉండవచ్చును. కాని ఆ రెండు ఐ5లూ ఒకటి కావు. పేరు చూసి బలం అంచనా వేయరాదు.

మూడవది విద్యుత్తు. ఇది ల్యాప్‌టాప్‌కు అనుకూలం. తెరతో కలిసి డెస్క్‌టాప్ 100 వాట్లు, ల్యాప్‌టాప్ 20 వాట్లు తీసుకొంటాయనుకొందాము. రోజుకు 6 గంటల చొప్పున 300 రోజులు పనిచేస్తే మొదటిదానికి 180 యూనిట్లు, రెండవదానికి 36 యూనిట్లు ఖర్చవుతాయి. అంతకన్న మిన్న, కరెంటు పోయినప్పుడు ల్యాప్‌టాప్ ఆగదు. డెస్క్‌టాప్‌కు యూపీఎస్ ఉన్నా చేస్తున్న పని భద్రపరచుకొని ఆపివేసేందుకు పట్టే కొద్ది నిమిషాల వ్యవధి మాత్రమే అది ఇస్తుంది.

నాలుగవది శరీరారోగ్యం. ఇది ఎవరూ అంతగా పట్టించుకొనని విషయం. తెర కంటికి ఎదురుగానూ, కీబోర్డు మోచేయి ఎత్తులోనూ ఉండాలి. డెస్క్‌టాప్‌లో ఈ రెండూ సాధ్యం. ల్యాప్‌టాప్‌లో తెర, కీబోర్డు ఒకదానికొకటి అతుక్కొని ఉండడంచేత, చేతులకు సుఖమైతే మెడకు కష్టం, మెడకు సుఖమైతే చేతులకు కష్టం. రోజూ నాలుగైదు గంటలు వంచిన మెడతో కూర్చున్నవానికి ఫలితం ఏడాదిలోపలనే తెలిసివస్తుంది.

అసలు మార్చవలసినదేనా?

కొనడానికి ముందు ఈ ప్రశ్న వేసుకొనాలి. దీనికి నిజాయితీగా సమాధానం చెప్పుకొంటే కొందరికి డబ్బు మిగులుతుంది.

పాత డెస్క్‌టాప్ మందకొడిగా ఉన్నదన్నదే మీ ఫిర్యాదు అయితే, లోపం చాలా సందర్భాలలో దానిలోని పాత హార్డ్‌డిస్కులో ఉంటుంది. తిరిగే పళ్ళెం గల హార్డ్‌డిస్కు సెకనుకు సుమారు 100 మెగాబైట్లు చదివితే, కదిలే భాగాలు లేని ఎస్.ఎస్.డి. సామాన్యమైనది సైతం 500 వరకు చదువుతుంది. ఈ ఒక్క భాగాన్ని మార్చితే పాత యంత్రానికి క్రొత్త ప్రాణం వచ్చినట్లవుతుంది. విండోస్ 11కు అర్హత లేని యంత్రంపై ఉచితంగా లభించే లైనక్స్ వేసుకొని, వ్రాతపని, చదువు, ఇంటర్నెట్టు నిశ్చింతగా సాగించుకొనవచ్చును.

ఎల్లప్పుడూ ఒకే బల్ల దగ్గర కూర్చుని పనిచేసేవారికీ, పెద్ద తెర అవసరమైనవారికీ డెస్క్‌టాపే మేలు. అదే ధరకు అది ఎక్కువ శక్తిని ఇస్తుంది, ఎక్కువకాలం మరమ్మతుకు లొంగుతుంది. హాస్టలుకూ ఇంటికీ మధ్య తిరిగే విద్యార్థి, తరగతి గదిలో తెరపై పాఠం చూపవలసిన అధ్యాపకుడు, కరెంటు నిలకడ లేని ఊరివాడు, వీరికి మాత్రం ల్యాప్‌టాప్ అవసరమే. మీరు ఏ కోవకు చెందినవారో ముందుగా తేల్చుకొనండి. ప్రక్కవాని వద్ద ఉన్నదన్నది కారణం కాదు.

ఎంపికలో గమనించవలసిన అంశాలు

1. ర్యామ్: యంత్రం ఒకేసారి చేతిలో పట్టుకొని పనిచేయగల సమాచారం ఇంత అని చెప్పేది ర్యామ్. విండోస్ 11కు 4 గిగాబైట్లు చాలునని లెక్క ఉన్నది గాని, అది ప్రాణం నిలుపుకొనేందుకు చాలేది, పనిచేసేందుకు చాలేది కాదు. 8 గిగాబైట్లు కనీసమనీ, 16 సుఖమనీ గ్రహించాలి. డెస్క్‌టాప్‌లో తరువాత పెంచుకొనవచ్చును. ల్యాప్‌టాప్‌లు పెక్కింటిలో ర్యామ్‌ను లోపలి పలకకే టంకం వేసి అతికించివేస్తున్నారు. అట్టిదానిలో కొన్ననాడు ఎంత ఉంటే చివరివరకూ అంతే. “ఇది తరువాత పెంచవచ్చునా?” అన్నది దుకాణదారుని అడగవలసిన మొదటి ప్రశ్న.

2. నిల్వ: మా బంధువుల అమ్మాయి ఒకతె చౌకగా వస్తున్నదని 32 గిగాబైట్ల నిల్వ గల ల్యాప్‌టాప్ కొన్నది. అందులో ఎస్.ఎస్.డి. కాదు, ఫోనులలో వాడే ఇ.ఎం.ఎం.సి. అనే చిన్నరకం నిల్వ ఉన్నది. విండోస్ దానిలో సగానికి పైగా ఆక్రమించింది. ఆరు నెలలలోపల సవరణలు దిగడానికి సైతం చోటు లేక యంత్రం మొరాయించింది. తండ్రి పగలంతా కష్టపడి కూడబెట్టిన సొమ్ము అది. వెయ్యి రూపాయలు మిగుల్చుకొనబోయి యంత్రాన్నే పోగొట్టుకొన్నట్లయింది. 256 గిగాబైట్లకు తక్కువైన ఎస్.ఎస్.డి. గలదానిని తీసుకొనవద్దు. 512 ఉంటే మేలు.

3. ప్రాసెసరు: ఇంటెల్ కోర్, ఏఎమ్‌డీ రైజెన్ రెండూ మంచివే. పేరుకన్న తరం ముఖ్యం. పాతతరపు ఐ7కన్న క్రొత్తతరపు ఐ3, ఐ5లు అనేక పనులలో మిన్నగా ఉంటాయి. పేరు గొప్ప, ఊరు దిబ్బ అన్న సామెత ఇక్కడ గుర్తుంచుకొనాలి.

4. తెర: 21.5 అంగుళాల డెస్క్‌టాప్ తెరకు అలవాటుపడినవారు 15.6 అంగుళాల ల్యాప్‌టాప్‌కు మారితే చూపు దక్కే వైశాల్యం ఇంచుమించు సగమే. అందులోనూ 1366 x 768 చుక్కల తెర మన రెండు భాషలకూ పనికిరాదు. తెలుగులో ప, ఫ, ష ల నడుమ భేదం ఒక చిన్న గీతలోనో ఒత్తులోనో ఉంటుంది. ఉర్దూలో బే, పే, తే అక్షరాల భేదమంతా చుక్కలలోనే ఉన్నది. చుక్క కనపడకపోతే మాటే మారిపోతుంది. 1920 x 1080 చుక్కలు గల, ప్రక్కనుండి చూసినా రంగు మారని ఐ.పి.ఎస్. రకపు తెరను కోరండి.

5. బ్యాటరీ: “పది గంటలు వస్తుంది” అన్న ప్రకటనలు నమ్మవద్దు. బ్యాటరీపై వాట్ అవర్ అనే అంకె ఉంటుంది. యంత్రం 9 వాట్లు తీసుకొంటే 45 వాట్ అవర్ల బ్యాటరీ 5 గంటలు వస్తుంది. లెక్క ఇంతే. కొన్ని వందలసార్లు నిండి ఖాళీ అయిన తరువాత బ్యాటరీ శక్తి తగ్గడం దాని స్వభావం. దానికి ప్రబలశత్రువు వేడి. ఎండలు 40 డిగ్రీలు దాటే మన కర్నూలు, కడప ప్రాంతాలలో ల్యాప్‌టాప్‌ను పరుపుపైన, దిండుపైన పెట్టి వాడడం దానికి ఊపిరి ఆడనీయకపోవడమే. ఎప్పుడూ కరెంటుకు తగిలించే వాడేవారు, 80 శాతం వద్ద ఛార్జింగు ఆగే సదుపాయం ఉన్నదేమో చూసి దాన్ని పెట్టుకొనడం మంచిది.

6. రంధ్రాలు, అనగా పోర్టులు: ఇక్కడనే నేను మొదట చెప్పిన జాబితా ప్రయోజనం బయటపడుతుంది. పాత డెస్క్‌టాప్ వెనుకకు వెళ్ళి, దానికి ఏమేమి తగిలించి ఉన్నాయో వ్రాయండి. వి.జి.ఎ. తీగతో ఉన్న ప్రొజెక్టరు, వెడల్పాటి పాత తీగ గల ప్రింటరు, ఇంటర్నెట్టు తీగ, డి.వి.డి. అర, ఇవేవీ నేటి పలుచని ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి ఉండవు. హెచ్.డి.ఎమ్.ఐ., యు.ఎస్.బి. మాత్రమే ఉంటాయి. మధ్యవర్తి తీగలు కొనవలసి వస్తే ఆ ఖర్చును కూడా ధరలో కలిపి లెక్కించాలి.

రెండు లిపుల సమస్య

పై అంశాలు ఏ కళాశాలకైనా వర్తిస్తాయి. ఇప్పుడు చెప్పబోయేది మన కళాశాలకు ప్రత్యేకం.

తెలుగు అక్షరాలు కంప్యూటరులో రెండు విధాలుగా ఉన్నాయి. అను, శ్రీలిపి వంటి పాత ఫాంట్లలో తెలుగు రూపాలను ఇంగ్లీషు అక్షరాల సంకేతస్థానాలలో కూర్చి ఉంచారు. యంత్రం దృష్టిలో అది ఇంగ్లీషే. మన కంటికి మాత్రం తెలుగు. ఆ ఫాంటు లేని యంత్రంలో అదే వ్యాసం తెరిస్తే అర్థంలేని ఇంగ్లీషు అక్షరాల గుంపు కనిపిస్తుంది. 1991లో వెలువడిన యూనికోడ్ మొదటి కూర్పులోనే తెలుగు అక్షరాలకు తమవైన సంఖ్యలు ఏర్పడ్డాయి. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీతో పాటు గౌతమి అనే యూనికోడ్ ఫాంటు లభించింది. యూనికోడ్‌లో వ్రాసిన తెలుగు ఏ యంత్రంలోనైనా తెలుగుగానే కనిపిస్తుంది.

ఉర్దూ కథ ఇంకా ఆసక్తికరమైనది. నస్తాలీక్ లిపిలో అక్షరాలు ఒకే గీతపై నిలబడవు. కుడిపైనుండి ఎడమక్రిందికి జాలువారుతాయి. అందుచేత చాలాకాలం ఉర్దూ పత్రికలు కాతిబులు చేతితో వ్రాసిన పుటలనుండే అచ్చయ్యేవి. మిర్జా అహ్మద్ జమీల్ వేలకొద్దీ అక్షరసంపుటులను చేతితో వ్రాసి, మోనోటైప్ సంస్థ సహకారంతో నూరీ నస్తాలీక్‌ను రూపొందించారు. 1981లో లాహోరునుండి వెలువడిన జంగ్ పత్రిక ఈ కంప్యూటరు నస్తాలీక్‌తోనే అచ్చయింది. 1994లో వచ్చిన ఇన్‌పేజ్ ఆ అందాన్ని చిన్న అచ్చుకూటాల దాకా తెచ్చింది. 2012 నాటి విండోస్ 8 లోనే నస్తాలీక్ పద్ధతి యూనికోడ్ ఫాంటు ఒకటి చేర్చబడింది.

క్రొత్త ల్యాప్‌టాప్ కొనేటప్పుడు ఈ చరిత్ర మనకెందుకు? ఎందుకనగా మన పాత యంత్రంలో ఏళ్ళ తరబడి పోగుపడిన సంచికలన్నీ పాత పద్ధతులలోనే ఉన్నాయి. వాటిని తెరిచే సాఫ్ట్‌వేరులో కొన్నింటికి డాంగిల్ అనే చిన్న తాళంచెవి పరికరం తగిలించాలి. పేజ్‌మేకర్ 7.0 వచ్చినది 2001లో, అదే దాని ఆఖరి కూర్పు. విండోస్ 11 అతి పాత 16 బిట్ల ప్రోగ్రాములను అసలు తీసుకొనదు. ఇక 2024నుండి విరివిగా వస్తున్న ఆర్మ్ ప్రాసెసరు ల్యాప్‌టాప్‌లు బ్యాటరీ విషయంలో మిక్కిలి మెచ్చదగినవే. కాని పాత డాంగిళ్ళకూ, పాత ప్రింటర్లకూ కావలసిన డ్రైవరు ప్రోగ్రాములు వాటికోసం ప్రత్యేకంగా వ్రాసి ఉంటేనే అవి పనిచేస్తాయి. మనవంటి వారు ఇంటెల్ లేదా ఏఎమ్‌డీ ప్రాసెసరు గలదానినే ఎంచుకొనడం క్షేమం.

క్రొత్త రచనలను మాత్రం ఈ సంవత్సరంనుండే యూనికోడ్‌లో వ్రాయడం అలవాటు చేసుకొందాము. విండోస్‌లో తెలుగుకు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు సిద్ధంగా ఉన్నది. ఉచ్చారణను బట్టి వ్రాసే కీబోర్డు 2019నుండి చేరింది. ఉర్దూ కీబోర్డూ ఉన్నది. ఉచితంగా లభించే లిబ్రే ఆఫీసులో ఎడమనుండి కుడికీ, కుడినుండి ఎడమకూ ఒకే పుటలో వ్రాసుకొనవచ్చును.

నా అనుభవం: పోయిన పుటలు

ఇక నా పొరపాటు చెబుతాను. మా అబ్బాజాన్ ఉర్దూ మాధ్యమ పాఠశాలలో ఉపాధ్యాయులుగా పనిచేసి పదవీ విరమణ పొందినవారు. తన బాల్యాన్నీ, తాను చదువు చెప్పిన పాఠశాలనూ గురించి ఆయన చెబుతూ ఉండగా, నేను రాత్రిపూట మా ఇంటి డెస్క్‌టాప్‌లో వ్రాసిపెడుతూ వచ్చాను. అలా నలభైకి పైగా పుటలు తయారయ్యాయి. 2019లో నేను ల్యాప్‌టాప్ కొన్నాను. తెర చూశాను, బరువు చూశాను, ధర చూశాను. పాత యంత్రంలోని “డాక్యుమెంట్స్” అనే అరనంతా క్రొత్తదానిలోకి ఎక్కించి, పని పూర్తయిందనుకొన్నాను. పాతదానిని శుభ్రంగా చెరిపి, తెలిసినవారి ద్వారా అమ్మివేశాను.

రెండు నెలల తరువాత అబ్బాజాన్ “మొన్నటిది ఒకసారి చదువు” అన్నారు. వెదికితే లేదు. అక్షరకూర్పు సాఫ్ట్‌వేరు ఆ పుటలను డాక్యుమెంట్స్‌లో కాక తన సొంత అరలో దాచుకొంటూ వచ్చిందని అప్పుడు తెలిసింది. యంత్రం కొన్నవారిని వెదికి పట్టుకొన్నాను గాని, అప్పటికే వారు దానిపై తమ పని చాలా చేసుకొన్నారు. అచ్చుతీసి దిద్దుబాటుకని ఉంచిన పదిహేడు పుటలు మాత్రం ఒక పాత పుస్తకంలో దొరికాయి. మిగిలినది ఆయన మళ్ళీ చెప్పారు. కాని రెండవసారి చెప్పినప్పుడు కొన్ని పేర్లు ఆయనకు గుర్తు రాలేదు. నన్ను ఒక్క మాట అనలేదు. “ఈసారి రెండు చోట్ల వ్రాసిపెట్టు బేటా” అన్నారు.

తెలుగు విద్యార్థులకు ఇందులో క్రొత్త నీతి లేదు. 19వ శతాబ్ది పూర్వార్ధంలో సి.పి. బ్రౌన్ కడపలో పండితులను నియమించి, చెదలు తినిపోతున్న తాళపత్రాలకు శుద్ధప్రతులు వ్రాయించాడు. ఒక్క ప్రతిగా ఉన్న గ్రంథం ఉన్నట్టే కాదని ఆయన గ్రహించాడు. మారినది ఆకు మాత్రమే, ధర్మం అదే.

కనుక పాత యంత్రాన్ని విడిచేముందు ఈ క్రమం పాటించండి:

మొదట, ఫైళ్ళను అరల పేర్లను బట్టి కాక, రకాన్ని బట్టి యంత్రమంతటా వెదకండి. అవసరమైన ఫాంట్లనూ వాటితోపాటు తీసుకొనండి. 

రెండవది, మూడు ప్రతులు ఉంచండి. ఒకటి క్రొత్త యంత్రంలో, ఒకటి విడి హార్డ్‌డిస్కులో, ఒకటి మరొక భవనంలో గాని ఇంటర్నెట్టు నిల్వలో గాని ఉండాలి. ఏనుగునిచ్చి అంకుశం దగ్గర పేచీ పెట్టినట్లు, ల్యాప్‌టాప్ కొని విడి హార్డ్‌డిస్కు దగ్గర వెనుకాడవద్దు. 

మూడవది, ముఖ్యమైన పాత సంచికలను పి.డి.ఎఫ్. రూపంలోకి మార్చండి. అప్పుడు ఫాంటు లేకున్నా పుట కనిపిస్తుంది. 

నాలుగవది, క్రొత్త ల్యాప్‌టాప్‌లలో సమాచారం గుప్తలిపిలో దాగి ఉండవచ్చును. డెస్క్‌టాప్ చెడితే డిస్కు ఊడదీసి వేరొకదానిలో పెట్టి చదివేవాళ్ళము. ఇక్కడ బిట్‌లాకర్ రికవరీ కీ అనే 48 అంకెల సంఖ్య లేనిదే అది సాధ్యం కాదు. ఆ సంఖ్యను కాగితంపై వ్రాసి బీరువాలో భద్రపరచండి. 

ఐదవది, క్రొత్తదానిలో అన్నీ తెరిచి, చదివి చూసేవరకు పాతదానిని ఇల్లు దాటనీయవద్దు. చివరకు పనికిరాదని తేలినప్పుడు చెత్తబండికి కాక, 2022 నాటి ఇ-వ్యర్థాల నియమాల ప్రకారం నమోదైన రీసైక్లర్లకు అప్పగించండి.

కొనేనాటి జాగ్రత్తలు

కొనేనాడు జి.ఎస్.టి. బిల్లు తప్పక తీసుకొనండి. ల్యాప్‌టాప్‌పై ఈ పన్ను 18 శాతం. బిల్లు లేకుండా తగ్గించి ఇస్తామనేవారు మీ హామీపత్రాన్ని కూడా తగ్గిస్తున్నారని తెలుసుకొనండి. హామీ ఎన్నాళ్ళన్నదే కాక, బాగుచేసేవారు మన ఊరికి వస్తారా, మనమే యంత్రాన్ని మోసుకొనిపోవాలా అన్నది అడగండి. దుకాణంలోనే నాలుగు వాక్యాలు తెలుగులో, నాలుగు వాక్యాలు ఉర్దూలో కొట్టి చూడండి. వాడిన యంత్రం కొనదలచినవారు బ్యాటరీ ఎంత మిగిలి ఉన్నదో, మడతబందులు వదులయ్యాయేమో, విండోస్ 11కు అర్హత ఉన్నదో లేదో చూసుకొంటే చాలావరకు మోసపోరు.

ముగింపు

కమిటీవారికి నా మనవి ఇది. మన గదికి ల్యాప్‌టాప్ కొనడం సమంజసమే. ఉర్దూ పాఠం, తెలుగు పాఠం రెండింటికీ అది తరగతికి నడిచిరాగలదు. అయితే పాత తెరను, కీబోర్డును పారవేయక దానికి తగిలించి ఉంచితే, బల్ల దగ్గర అది డెస్క్‌టాప్‌గానూ పనిచేస్తుంది. విద్యార్థుల మెడలూ బాగుంటాయి. ల్యాప్‌టాప్‌తోపాటు రెండు విడి హార్డ్‌డిస్కులకు కూడా మంజూరు ఇప్పించవలసినది. పాత డెస్క్‌టాప్‌ను ఇంటర్నెట్టునుండి విడదీసి, వచ్చే సంచిక అచ్చయ్యేవరకు అలాగే ఉంచవలసినది. అందులో ఏముందో మనలో ఎవరికీ పూర్తిగా తెలియదు.

విద్యార్థులకు నేను చెప్పేది ఇంకా చిన్నది. ల్యాప్‌టాప్ లేనంతమాత్రాన చదువు ఆగదు. ఉన్నంతమాత్రాన చదువు రాదు. అవసరమని తేలితే, తండ్రి చెమటను గుర్తుంచుకొని, పదేపదే అడిగి, ఓపికగా ఎంచుకొనండి. అంగడికి వెళ్ళేముందు ఒక్క రాత్రి పాత యంత్రం ముందు కూర్చుని, అది ఇన్నాళ్ళూ ఏమేమి దాచిపెట్టిందో చూసి వ్రాసుకొనండి. ఆ కాగితమే మీకు ఏ యంత్రం కావాలో చెబుతుంది. మా ఇంట్లో అటువంటి కాగితం ఒకటి ఆనాడు ఉండి ఉంటే, మా అబ్బాజాన్ మరచిపోయిన ఆ పేర్లు ఈనాటికీ పుటలో నిలిచి ఉండేవి.